విద్యాశాఖ ఎవరికి?

మా వీధి చివర ఉండే స్నేహితుల అమ్మాయి అనన్య, నేను చేసి రిటైరైనలాంటి ఉద్యోగంలోనే ఈమధ్య చేరింది. ఇక్కడే మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో పుట్టి పెరిగిన పిల్ల. చేరే ముందు వారం మా ఇంటికొచ్చి, సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని, "ఆంటీ, థియరీ అంతా చదివాను. బట్ రోజూ ఏం చేస్తారు మీరు, యాక్చువల్లీ?" అని అడిగింది. ఇన్నేళ్లు చేసిన పనిని ఒక్క ముక్కలో ఎలా చెప్పాలో తోచక "కూర్చుంటాం" అన్నాను. పిల్ల నవ్వింది. నేను మాత్రం నిజమే చెప్పాను.

యుద్ధంలో ఎవరో ఒకరు గెలిస్తే మాలాంటి వాళ్లతో పని ఉండదు. ఇద్దరూ గెలవలేక, ఇద్దరూ అలసిపోయి, ఇక కలిసి ఏలుకుందాం అనుకున్నప్పుడు మమ్మల్ని పిలుస్తారు. అనుకోవడం తేలికే. పోలీసు ఎవరికి, ఆర్థికం ఎవరికి, రోడ్లు ఎవరికి అన్న దగ్గర మొదలవుతుంది అసలు తంటా. మామూలుగా ఒక శాఖకి ఒక వైపు మనిషి మంత్రి అయితే రెండో వైపు మనిషి ఉపమంత్రి అవుతారు. ఇద్దరి సంతకాలూ లేకుండా ఏదీ కదలదు. ఈ పంపకాన్ని దగ్గరుండి జరిపించే ఒక సంస్థలో, వాషింగ్టన్‌లో, నేను పనిచేశాను. వాళ్లు మాట్లాడుకుంటున్నప్పుడు మధ్యలో కూర్చోవడం, ఎవరు దేనికి ఒప్పుకున్నారో రాసుకోవడం, రాసింది ఇద్దరికీ చదివి వినిపించడం, ఇదీ నా ఉద్యోగం. సంస్థ పేరూ దేశాల పేర్లూ రాయను. ఆ మనుషులు ఇంకా అక్కడే, ఒకరి పక్కన ఒకరు, పనిచేసుకుంటున్నారు. నా వల్ల వాళ్లకి కొత్త తలనొప్పి వద్దు.

ప్రమోషన్ల గురించి అడగొద్దు. చెప్పుకునేటన్ని లేవు.

అంబులెన్సుల రంగు

మొదట్లో నాకు నియమాలంటే మహా నమ్మకం. నేను చేసిన మొదటి పెద్ద ఒప్పందంలో ప్రతి చిన్న విషయానికీ ఇద్దరికీ అడ్డుచెప్పే హక్కు రాయించాను. ఎవరికీ అన్యాయం జరగకూడదు కదా అని. రాసిన రోజు నా అంత తెలివైనవాళ్లు ఇంకొకరు లేరనుకున్నాను. ఏడాది తిరక్కుండానే ఆ దేశానికి విరాళంగా వచ్చిన అంబులెన్సులు షెడ్డులో నిలబడిపోయాయి. వాటి మీద గీసే గీత ఏ రంగులో ఉండాలన్న దాని మీద రెండు వైపులా అడ్డుచెప్పారు. జనం రోగుల్ని ట్రాక్టర్ల మీద ఆసుపత్రికి తీసుకెళ్లారు. నేను వెళ్లి ఆ షెడ్డు చూశాను. టైర్లలో గాలి పోయి ఉంది.

ఎవరైనా నన్ను పొగిడితే ఆ షెడ్డు గుర్తొస్తుంది. అడ్డుచెప్పే హక్కు అందరికీ అన్నిటి మీదా ఇస్తే అది హక్కు కాదు, తాళం. ఈ మాట అనన్యకి చెప్తే బుద్ధిగా ఫోన్‌లో టైప్ చేసుకుంది. తను కూడా ఒక షెడ్డు చూస్తే తప్ప ఆ మాట ఒంటపట్టదని నా అనుమానం.

మైకు గొడవ

నా రెండో చదువు ఇక్కడే, మా ఊరి తెలుగు సంఘంలో జరిగింది. ముప్పై ఏళ్లుగా ఉన్నవాళ్ల వర్గం ఒకటి, కొత్తగా ఐటీ ఉద్యోగాలతో వచ్చినవాళ్ల వర్గం ఒకటి. చీలిపోవడానికి సిద్ధంగా ఉన్నారు. పరాయి దేశాల తగవులు తీరుస్తావు కదా, మాది తీర్చమని నన్ను లాక్కెళ్లారు. అధ్యక్ష పదవి దగ్గర కొట్టుకుంటారనుకుని రెండు రోజులు దాని మీదే కసరత్తు చేసి వెళ్లాను. అధ్యక్ష పదవి పది నిమిషాల్లో తేలిపోయింది, ఒక ఏడాది వీళ్లకి, ఒక ఏడాది వాళ్లకి. ఉగాది రోజు స్టేజి మీద మైకు ఎవరు పట్టుకుంటారన్న దగ్గర మాత్రం మూడు గంటలు పట్టింది. చివరికి ఒకాయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆయన పిల్లలు ఆ సభలో కూర్చుని నాన్నని చూసేది ఏడాదికి ఆ ఒక్క రోజేనట.

ఆ రోజు నవ్వుకుంటూ ఇంటికొచ్చాను. నా భర్త ప్రభాకర్ కార్ల కంపెనీలో ఇంజినీరుగా చేసి అప్పటికే రిటైరయ్యాడు. విని, నవ్వలేదు. "పవర్ ఎక్కడుందో వాళ్లకి బాగా తెలుసు. నీకే తెలీలేదు" అన్నాడు. పిల్లలు ఎక్కడ చూస్తున్నారో పెద్దవాళ్లు అక్కడే కొట్టుకుంటారని నాకు అప్పుడు తెలిసింది.

సరస్సు పక్కన పది రోజులు

ఇక నా చివరి కేసు. నాకు బాగా గుర్తున్నది అదే.

ఆ దేశంలో కొండల వైపు ఒక జాతి, నది వైపు ఒక జాతి. భాషలు వేరు. ఏళ్ల తరబడి కొట్టుకుని కాల్పుల విరమణకి వచ్చారు. పదకొండో రోజు మధ్యాహ్నం లోపల ఉమ్మడి మంత్రివర్గం కుదరకపోతే విరమణ రద్దు. వాళ్ల దేశంలో కూర్చుంటే ఎవరో ఒకరు బాంబు పేలుస్తారని మా మిషిగన్‌కే తీసుకొచ్చాం. ఉత్తరాన ఒక సరస్సు పక్కన, టూరిస్టుల సీజన్ అయిపోయిన లాడ్జి మొత్తం బుక్ చేశాం.

పేర్లు రాయనన్నాను కాబట్టి నేను మనసులో పెట్టుకున్న పేర్లే వాడతాను. కొండవైపు బృందానికి పెద్దాయన నాయకుడు. ఒకప్పుడు కమాండరు. నదివైపు బృందానికి టీచరమ్మ. హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్, ఇంగ్లిషు చెప్పేది. మొదటి రోజు కాఫీ దగ్గర నిలబడి ఆవిడ నాతో తన స్కూలు సంగతి చెప్పింది. పదహారు నిండితే రెండు సైన్యాలూ మగపిల్లల్ని ఎత్తుకుపోతాయట. "విరమణ పోతే ముందు ఖాళీ అయ్యేది నా పదో తరగతి" అంది. ఆ పది రోజులూ ఆవిడకి మంత్రివర్గం అంటే ఆ క్లాసు పిల్లలే.

అప్పటికి మా బాస్ వాల్టర్. సన్నగా, పొడుగ్గా, గడియారంలాంటి మనిషి. ఆయన నియమం ఒకటే. గదిలో గానీ భోజనం బల్ల దగ్గర గానీ సొంత విషయాలు ఎత్తకూడదు. కుటుంబం, ఊరు, చనిపోయినవాళ్లు, ఏదీ వద్దు. ఎజెండా తప్ప మాట ఉండకూడదు. నాకు అది చాదస్తంగా అనిపించేది.

శాఖల్ని వంతులవారీగా కోరుకున్నారు, కబడ్డీకి జట్లు వేసుకున్నట్టు. పోలీసు మూడో రోజుకే తేలింది. ఆర్థికం కూడా. ఆరో రోజుకి ఒక్క విద్యాశాఖ మిగిలింది. అది దానంతటది మిగలలేదు, ఇద్దరూ కావాలనే చివరికి నెట్టారు. చరిత్ర పుస్తకంలో ఈ యుద్ధం పాఠాన్ని ఎవరు రాయిస్తారన్నదే వాళ్ల భయం. ఆ పాఠంలో హంతకులు ఎవరో, అమరులు ఎవరో ఆ శాఖ తేలుస్తుంది. మంత్రి పదవి మీకు, ఉపమంత్రి మాకు అన్నా ఎవరూ కదల్లేదు.

నోరు జారడం

ఆరో రోజు మధ్యాహ్నం భోజనానికి లేచాం. అన్నీ తేలి ఒక్కటే మిగిలిందన్న ధీమాతో ఉన్నాను. బల్ల దగ్గర పెద్దాయన, టీచరమ్మ, ఇంటర్‌ప్రెటర్, నేను. సూప్ వడ్డించారు. పెద్దాయన చలికి చేతులు రుద్దుకుంటూ ఈ సరస్సు చూస్తే మా వైపులాగే ఉంది అన్నాడు. మనవాళ్ల నోటికి వెంటనే ఏం వస్తుంది? గ్రోసరీ షాపులో ముక్కూమొహం తెలియని తెలుగువాడు ఎదురైనా మనం అడిగే మొదటి మాటే వచ్చింది నాకూ.

"మీది ఏ ఊరండీ?" అని అడిగాను, ఇంగ్లిషులో.

ఆయన చెప్పాడు. చిన్న పల్లెటూరు. నేనెప్పుడూ వినని పేరు. టీచరమ్మ చెంచా పక్కన పెట్టి, కుర్చీ వెనక్కి నెట్టి, బయటికి వెళ్లిపోయింది. వెనకే ఆవిడ బృందం లేచింది. ఆ తర్వాత రెండు రోజులు నదివైపు వాళ్లు ఎవరూ గదుల్లోంచి రాలేదు. పెద్దాయన కూడా మొహం ముడుచుకుని, తనని అవమానించడానికి ఇదొక ఎత్తని తనవాళ్లతో అన్నాడు.

వాల్టర్ నన్ను పక్కకి పిలిచాడు. అరవలేదు, అరిచినా బాగుండేది. ఆ దేశంలో రోడ్ల మీద తుపాకులు పట్టుకుని బస్సులు ఆపేవాళ్లు అడిగే ఒకే ఒక్క ప్రశ్న అదేనని చెప్పాడు. యుద్ధం వచ్చాక ఒక్కో ఊళ్లో ఒక్కో జాతే మిగిలింది కాబట్టి, ఏ ఊరో చెప్తే ఏ జాతో తెలుస్తుంది. చెప్పిన ఊరిని బట్టి కొందరిని బస్సు ఎక్కనిస్తారు, కొందరిని దించేస్తారు. ఈ సంగతి నా ఫైల్లోనే ఉంది. నేనే చదివి, కింద గీత గీసుకున్నాను కూడా. చదివింది వేరు, నాలిక చివర ఉన్నది వేరు.

మనం ఆ ప్రశ్న ఎందుకు అడుగుతామో కూడా ఇక్కడ నిజం చెప్పేస్తాను. చుట్టరికం కలుపుకోవడానికి అంటాం. సగం నిజం. ఊరి తర్వాత ఇంటిపేరు, ఇంటిపేరు తర్వాత ఎవరి తాలూకో, అలా కులం దాకా కూపీ లాగుతాం. మిషిగన్‌లో కూడా మానలేదు. ఆ రెండు రోజులు గదిలో కూర్చుని నా మీద నాకు వేసిన రోతలో ఈ సంగతీ కలిసింది. టీచరమ్మ పదో తరగతిని నా చేత్తో నేనే ఖాళీ చేస్తున్నానని భయపడ్డాను.

నన్ను అడగలేదు

తొమ్మిదో రోజు పొద్దున్న వాల్టర్ నన్ను ఇంటికి పంపేద్దామనుకున్నాడు. వెళ్లే ముందు క్షమాపణ చెప్పుకుంటానని అడిగాను. టీచరమ్మ వెనక వరండాలో కోటు వేసుకుని ఒక్కతే కూర్చుని ఉంది. చెప్పాల్సింది చెప్పాను. అది అడగకూడని ప్రశ్న అని తెలిసీ అడిగాను, తప్పయింది అన్నాను.

ఆవిడ సరస్సు వైపే చూస్తూ, ఆ ప్రశ్న తనని బస్సుల్లో మూడుసార్లు అడిగారని చెప్పింది. మూడుసార్లూ అబద్ధం చెప్పి బతికిందట.

"తుపాకీ లేకుండా, సూప్ గిన్నె ముందు పెట్టి, ఏ ఊరు అని అడగడం యుద్ధం మొదలయ్యాక మొదటిసారి విన్నాను" అంది. "ఆయన్ని అడిగారు. నన్ను అడగలేదు."

ఆవిడ లేచి వెళ్లిపోయిన కారణం నేను రెండు రోజులుగా ఊహించుకున్నది కాదు. ఇప్పుడు అడగనా అన్నాను. ఇక్కడ కాదు, ఆయన ముందు అడగమంది.

ఈ మాట వాల్టర్‌కి చెప్తే ముందు తల అడ్డంగా ఊపాడు. గడువు ఇంకా రెండు రోజులే, పోగొట్టుకోవడానికి కూడా ఏమీ మిగల్లేదని అన్నాను. ఆయన తన నియమాన్ని ఒక్క ప్రశ్నకి పక్కన పెట్టాడు. నా బాసుల్లో గొప్పవాడెవరంటే ఆయన పేరే చెప్తాను. ఆయన నియమం సరైనదే, నా కంటే ఆయనకే బాగా తెలుసు. అయినా దాన్ని ఎప్పుడు వదలాలో కూడా ఆయనకి తెలుసు.

మధ్యాహ్నం రెండు బృందాలూ కూర్చున్నాయి. నేను లేచి, నా వల్ల జరిగిన తప్పుని అందరి ముందూ ఒప్పుకుని, టీచరమ్మ వైపు తిరిగి, "మీది ఏ ఊరండీ?" అని అడిగాను.

ఆవిడ పెద్దాయన చెప్పిన ఊరి పేరే చెప్పింది.

ఇంటర్‌ప్రెటర్ దాన్ని తిప్పి చెప్పాల్సిన పని లేకపోయింది. పెద్దాయన రెండు చేతులూ బల్ల మీద పెట్టి ఆవిడని చూశాడు. నదివైపు వాళ్లని ఆ ఊరి నుంచి వెళ్లగొట్టింది యుద్ధం మొదటి వారంలోనే. అప్పుడు ఆయన ఆ ఊళ్లోనే ఉన్నాడు. ఏ ఇల్లు అని అడిగాడు. పిండిమర పక్కన, రెండు మెట్ల ఇల్లు అంది. ఆయనకి ఆ ఇల్లు తెలుసు. అందులో ఇప్పుడు కొండవైపు కుటుంబం ఉంటోందని, వాళ్లూ టీచరమ్మ ఉండే పట్టణం నుంచి తరిమితే పారిపోయి వచ్చినవాళ్లేనని చెప్పాడు. తెలుసు అంది ఆవిడ. క్షమించమని ఆయన అడగలేదు. అడిగినా ఆవిడ క్షమించేది కాదు. ఇలాంటి చోట కౌగిలింతలు ఉంటాయనుకుని ఈ ఉద్యోగంలో చేరేవాళ్లు ఉంటే ఇప్పుడే మానేయండి.

ఆయన కాస్త విరామం కావాలని, చేతి తొడుగులు కూడా లేకుండా సరస్సు ఒడ్డు వెంట నడిచొచ్చాడు. గంట తర్వాత వచ్చి కూర్చుని అన్న మాట నా నోట్సులో ఇప్పటికీ ఉంది.

"ఇద్దరిదీ ఒకటే ఊరు. ఆ వారం ఆ ఊళ్లో ఏం జరిగిందో నేను రాస్తే ఈమె చించేస్తుంది. ఈమె రాస్తే నేను చించేస్తాను. అయితే ఇప్పుడు ఎవరమూ రాయొద్దు."

రాయని పాఠం

అలా కుదిరింది. చరిత్ర పుస్తకం యుద్ధం ముందు ఏడాదితో ఆగిపోతుంది. తర్వాతి పాఠం, ఇద్దరూ రాయొచ్చు అనుకునేదాకా, ఎవరూ రాయరు. మొదటి రెండేళ్లు పెద్దాయన విద్యామంత్రి, టీచరమ్మ ఉపమంత్రి, ఆ తర్వాత తారుమారు. వాల్టర్‌కి ఇది నచ్చలేదు. నిజాన్ని పిల్లల దగ్గర దాచడం అన్నాడు. ఆయన అన్నదీ నిజమే. ఆ పాఠం ఈ రోజుకీ రాయలేదు, రాయొచ్చా అని రెండుసార్లు కూర్చుని మళ్లీ వాయిదా వేశారు. సిగ్గుపడాల్సిన విషయమే. కానీ రాయకుండా ఆగిన పాఠం వల్ల ఎవరూ చావలేదు. నేను పనిచేసిన దేశాల్లో రాసిన పాఠాల వల్ల చచ్చినవాళ్లున్నారు.

టీచరమ్మ ఒక్క షరతు పెట్టింది. పదో తరగతి పరీక్ష రెండు వైపులా ఒకే రోజు, ఒకే ప్రశ్నపత్రంతో జరగాలి. రెండు భాషల్లో అచ్చు వేయాలి. పరీక్షకి కూర్చున్న పిల్లల్ని ఏ సైన్యమూ తీసుకోకూడదు. పెద్దాయన మనుషులు గొణిగారు. ఆయన సంతకం పెట్టాడు. పదో రోజు సాయంత్రం, గడువుకి ఒక పూట ముందు.

నేను కారులో కూర్చుని స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. సంతోషం అనలేను, ఒళ్లంతా ఉన్న బరువు ఒక్కసారిగా దిగిపోయింది. ప్రభాకర్‌కి ఫోన్ చేస్తే, "అయిపోయిందా? హమ్మయ్య. నిదానంగా డ్రైవ్ చేసుకుంటూ రా, రసం పెడతాను" అన్నాడు.

తర్వాత మా సంస్థలో దీన్ని ఒక పద్ధతిగా రాసి ట్రైనింగ్‌లో చెప్పమన్నారు. చెప్పనన్నాను. నేను చేసింది పొరపాటు. అది కలిసొచ్చింది, అంతే. రెండోసారి ఎవరైనా కావాలని చేస్తే మనుషులు పోతారు. అనన్యకి చెప్పింది ఒక్కటే. ఒకరిని ఏదైనా అడిగితే అదే మాట అదే గొంతుతో రెండోవాళ్లనీ అడుగు. అడగలేనిదైతే ఎవరినీ అడగకు.

ఆ తర్వాతి వేసవిలో, నేను రిటైరైన కొన్ని వారాలకి, టీచరమ్మ వీడియో కాల్ చేసింది. పరీక్ష జరిగింది. మర్నాడే రెండు వైపుల పిల్లలూ కలిసి రాజధానికి వచ్చి విద్యాశాఖ ఆఫీసు ముందు ధర్నాకి కూర్చున్నారట. లెక్కల పేపరు మరీ కష్టంగా ఇచ్చారు, గ్రేస్ మార్కులు వేయాలని. పెద్దాయన పది మార్కులు వేసి పంపించేద్దామంటాడు, ఆవిడ ఒప్పుకోదు. పొద్దున్నించీ ఇద్దరూ దాని మీదే పోట్లాడుకుంటున్నారు. అరుపులు వినిపిస్తాయని ఫోన్ తీసుకుని కారిడార్‌లోకి వచ్చిందట.

చెప్తూ చెప్తూ ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"కిటికీలోంచి చూశాను. నా క్లాసువాళ్లు ముందు వరసలోనే ఉన్నారు. పేరుపేరునా చూసుకున్నాను. అందరూ ఉన్నారు" అంది.

మరి మార్కులు వేస్తారా అని అడిగాను.

"ఒక్కటి కూడా వెయ్యను" అంది టీచరమ్మ.